కనిష్ఠ విలువ తేదీకి ఐడిఎక్స్‌మిన్: ఆరేళ్ల వాడకం తర్వాత

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో డేటా విశ్లేషణకు వాడే పాండాస్ లైబ్రరీలోని ఐడిఎక్స్‌మిన్ అనే ఫంక్షన్‌ను ఆరేళ్లుగా వాడుతున్నాను. రోజువారీ ఉష్ణోగ్రతలు, విద్యుత్ వినియోగం వంటి టైమ్ సిరీస్ డేటాలో అతి తక్కువ విలువ ఏ తేదీన నమోదైందో తెలుసుకోవడమే నా అవసరం. అందులోనే ఉన్న మిన్ అనే ఫంక్షన్ కనిష్ఠ విలువను మాత్రమే ఇస్తుంది. ఆర్గ్‌మిన్ ఆ విలువ ఎన్నో స్థానంలో ఉందో సున్నా నుంచి లెక్కించి చెబుతుంది. ఇండెక్స్‌లో, అంటే వరుసలను గుర్తించే లేబుళ్లలో, తేదీలు ఉంటే ఐడిఎక్స్‌మిన్ నేరుగా తేదీనే చేతికిస్తుంది. అంతకుముందు స్ప్రెడ్‌షీట్‌లో ఇండెక్స్, మ్యాచ్, మిన్ ఫార్ములాలను ఒకదానిలో ఒకటి ఇమిడ్చి ఇదే పని చేసేవాణ్ణి. కచ్చితంగా సరిపోలే విలువనే వెతకమని చెప్పే సున్నాను మ్యాచ్ చివర పెట్టడం మరిచిన రోజున తప్పు తేదీయో, ఎర్రరో వచ్చేది.

ఖాళీ విలువలను ఐడిఎక్స్‌మిన్ తనంతట తానే వదిలేస్తుంది. పైథాన్‌లో సంఖ్యల లెక్కలకు వాడే నంపై లైబ్రరీలోని ఆర్గ్‌మిన్ అలా చేయదు, మొదటి ఖాళీ ఉన్న చోటునే కనిష్ఠంగా చూపుతుంది. అయితే ఖాళీని ఖాళీగా రాయని ఫైళ్లు చాలా ఉంటాయి. ఒకసారి ఏడాదిలో అతి చల్లని రోజు మండు వేసవిలో వచ్చింది. సెన్సర్ పనిచేయని గంటల్లో ఫైలులో మైనస్ 999 నమోదైనందువల్ల, అడిగిన ప్రశ్నకు ఐడిఎక్స్‌మిన్ సరైన జవాబే ఇచ్చింది, నేనే డేటాను చూసుకోలేదు. అప్పటి నుంచి ముందుగా ఎన్‌స్మాలెస్ట్‌తో అతి చిన్న విలువలు ఐదింటిని తెరపై చూసుకున్నాకే తేదీ అడుగుతున్నాను.

నా అసలు ఫిర్యాదు సమాన విలువల విషయంలో. ఒకే కనిష్ఠ విలువ నాలుగు రోజుల్లో వచ్చినా ఐడిఎక్స్‌మిన్ మొదటి తేదీని మాత్రమే ఇస్తుంది, మిగతా మూడు ఉన్నాయని సూచన కూడా చేయదు. ఒక దశాంశ స్థానానికి కుదించిన ఉష్ణోగ్రతల్లోనూ, వినియోగం సున్నాకు పడిపోయే మీటర్ రీడింగుల్లోనూ ఇది అరుదైన సంగతి కాదు. చివరి తేదీ కావాలంటే సిరీస్‌ను తిరగేసి అడగాలి. అన్ని తేదీలూ కావాలంటే ఎన్‌స్మాలెస్ట్‌కు ఒకటి అనే సంఖ్యతో పాటు కీప్ అనే ఆప్షన్ దగ్గర 'ఆల్' అని ఇస్తే సరిపోతుంది. అదే సౌకర్యం ఐడిఎక్స్‌మిన్‌కు ఎందుకు ఇవ్వలేదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

గంటల వారీ డేటాలో టైమ్‌స్టాంపులు (నమోదైన తేదీ, సమయం) అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉంటే, తెల్లవారుజామున నమోదైన కనిష్ఠం ముందు రోజు ఖాతాలో పడవచ్చు కాబట్టి, స్థానిక సమయంలోకి మార్చాకే తేదీని విడదీయాలి. ఇండెక్స్‌లో ఒకే టైమ్‌స్టాంపు రెండుసార్లు ఉన్నప్పుడు, వచ్చిన జవాబును, లేబుల్‌ను బట్టి వరుసను తీసిచ్చే లోక్‌కు ఇస్తే ఒక వరుసకు బదులు రెండు వస్తాయి.

ఏటా ఒక కనిష్ఠ తేదీ కావాలంటే ఇండెక్స్‌లోని సంవత్సరంతో గ్రూప్‌బై చేసి, అంటే డేటాను సంవత్సరాల వారీగా విడగొట్టి, ఐడిఎక్స్‌మిన్ పిలిస్తే చాలు. నాకు దీనివల్ల కలిసొచ్చిన సమయంలో ఎక్కువ భాగం ఇక్కడిదే. కాకపోతే అన్నీ ఖాళీలే ఉన్న సిరీస్‌కు పాండాస్ పాత వెర్షన్లు ఊరకే ఖాళీని ఇచ్చేవి, 2.1 వెర్షన్ నుంచి హెచ్చరిక మొదలైంది, 3.0లో అది ప్రోగ్రామును ఆపేసే వాల్యూఎర్రర్‌గా మారింది. ఆ హెచ్చరికలను పట్టించుకోని నా పాత స్క్రిప్టుల్లో ఇప్పుడు ఐడిఎక్స్‌మిన్‌ను పిలిచే ముందు ఖాళీ సంవత్సరాలను తొలగించే ఒక వరుసను చేర్చుకుంటూ వస్తున్నాను.