కొత్త హాస్టల్‌కు మూడేళ్లు: గది బాగుంది, బట్టలు ఆరవు

హాస్టల్ ఫారం నింపే రోజులు వచ్చాయంటే జూనియర్ల ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, సింగిల్ పెట్టాలా, అటాచ్డ్ పెట్టాలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నాను. మాది హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయం. పేరు రాయను. థీసిస్ ఇంకా సమర్పించలేదు, బాకీలేమీ లేవని చెప్పే నో డ్యూస్ కాగితం మీద వార్డెన్ సంతకం కావాలి.

పాత హాస్టల్లో రెండేళ్లున్నాను. కేంద్ర విద్యాసంస్థల్లో 2019లో ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం కోటా వచ్చినప్పుడు, మిగతావారి సీట్లు తగ్గకుండా మొత్తం సీట్లను 25 శాతం దాకా పెంచమన్నారు. సీట్లు పెరిగాయి, మంచాలు పెరగలేదు. ఇద్దరి గదిలో ముగ్గురం సర్దుకున్నాం. మూడో మంచం తలుపుకు అడ్డం కాబట్టి తలుపు సగమే తెరుచుకునేది. లావుపాటి పెట్టెతో ఎవరైనా చుట్టపుచూపుగా వస్తే ముందు పెట్టెను పైకెత్తి లోపలికి అందించాలి, తర్వాత మనిషి. అందుకే 2022 వానాకాలంలో ఏడంతస్తుల కొత్త బ్లాక్ తెరవగానే అందరికంటే ముందు దరఖాస్తు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కొత్త బ్లాక్‌లో ఇద్దరికి అటాచ్డ్ గది ఉంది, ఒక్కరికి సింగిల్ గది ఉంది. వెనక విడిగా పెళ్లయిన పరిశోధకుల కోసం చిన్న ఫ్లాట్లు కట్టారు. మొదటి ఏడాది అటాచ్డ్‌లో ఉన్నాను, అప్పటి నుంచి సింగిల్‌లో.

అటాచ్డ్ అనే మాటకు అందరూ పడిపోతారు, నేనూ పడ్డాను. అర్ధరాత్రి కారిడార్లో నడవక్కర్లేదు, పొద్దున్నే బకెట్ పట్టుకుని వరుసలో నిలబడక్కర్లేదు. ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది: వింగ్ చివరి ఉమ్మడి బాత్‌రూములను రోజూ ఉదయం సిబ్బంది కడుగుతారు, గదిలోది మనమే కడుక్కోవాలి. మాకు వచ్చేవి బోరు నీళ్లు. వారం రోజులు వదిలేస్తే కుళాయి చుట్టూ తెల్లగా సున్నం పేరుకుంటుంది, నెల వదిలేస్తే షవర్‌లో సగం రంధ్రాలు మూసుకుపోతాయి. నా రూమ్మేట్ మంచి పిల్ల, పరీక్షల ముందు నాకు నోట్సు కూడా రాసిపెట్టింది. అయినా మా ఇద్దరి మధ్య వచ్చిన ఒకే ఒక్క తగాదా ఆ బాత్‌రూము గురించే. ఈసారి వంతు ఎవరిదన్నది క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకునే స్థితికి వచ్చాం. మార్చిలో ఆ క్యాలెండర్ కూడా కనిపించలేదు. ఎవరు తీశారో ఇప్పటికీ తేలలేదు.

సింగిల్ గది తొమ్మిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. మంచం, బల్ల, గోడ బీరువా, ఒక కిటికీ. గడియ వేసుకుంటే మనదే. పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నవాళ్లకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. రాత్రి రెండింటికి లైటు వేసుకుని రాసుకుంటే పక్క మంచం మీద ఎవరూ ముసుగు తన్నరు. అయితే గది కాగానే కారిడార్. రెండు వైపులా గదులుండి మధ్యలో సొరంగంలా ఉంటుంది, పగలు కూడా లైటు వెలుగుతూనే ఉండాలి. ఎవరైనా చివర నిలబడి ఫోన్లో ఇంటి గొడవ చెప్పుకుంటే ఆ ఇంటి సంగతులు వింగ్ మొత్తానికి తెలుస్తాయి. పాత హాస్టల్లో నాలుగు వరుసల గదుల మధ్య ఒక వేపచెట్టు ఉండేది. మాటలన్నీ ఆ ఖాళీలోంచి పైకి పోయేవి.

అంతస్తు కూడా చూసుకోండి. సోలార్ హీటరు మేడ మీద ఉంది. కింది అంతస్తుల్లో నీళ్ల ఒత్తిడి బాగుంటుంది కానీ, వేడినీళ్లు పైపంతా దిగి వచ్చేసరికి రెండు బకెట్ల చల్లనీళ్లు వదిలేయాలి. ఏడో అంతస్తులో వేడినీళ్లు వెంటనే వస్తాయి, ధార మాత్రం దారంలా ఉంటుంది. నాకు నాలుగు, అయిదు అంతస్తులు సరిపోయాయి. పైగా లిఫ్టు ఆగిపోయిన రోజున బతికిపోతారు.

ఇక అసలు సంగతి. ఇంత పెద్ద భవనం గీసిన మహానుభావుడికి మనుషులు బట్టలు ఉతుక్కుంటారని తోచలేదు. బాల్కనీ లేదు. ముఖద్వారం నుంచి చూస్తే అద్దాలు మెరుస్తూ ఉండాలి, లంగాలు, తువ్వాళ్లు వేలాడకూడదు. మేడ మీద సోలార్ పలకలు ఉన్నాయని తాళం. కింద వాషింగ్ మెషీన్లు రెండు పెట్టారు, తడి బట్టలు తీసుకుని ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పలేదు. మొదటి ఆగస్టులో కిటికీ ఊచకు, బీరువా పిడికి మధ్య తాడు కట్టి గదిలోనే ఆరేశాను. ఫ్యాను మూడు రోజులు తిరిగినా జీన్స్ నడుము పట్టీ ఆరలేదు. గదిలో ముక్కిన వాసన స్థిరపడింది. సెప్టెంబరు చివర్లో గ్రంథాలయం నుంచి తెచ్చిన ఒక పాత క్యాలికో గుడ్డ బైండు పుస్తకాన్ని బీరువాలోంచి తీస్తే వీపు మీద నూగులాంటి తెల్లటి బూజు. ఆ పుస్తకాన్ని ఎండలో పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, గుండె దడదడలాడుతూ తిరిగి ఇచ్చాను. కౌంటర్లో ఆయన వాసన చూసి, నన్ను చూసి, ముద్ర వేసేశాడు. రెండో ఏడాది అందరం సంతకాలు పెట్టి అడిగితే మేడలో ఒక మూల ఖాళీ చేసి, తీగలు కట్టి, పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా తెరుస్తున్నారు. ఏడంతస్తులకు ఆరు తీగలు. తొమ్మిదింటికి వెళ్తే చోటుండదు.

స్లైడింగ్ కిటికీలు కోతులకు వచ్చినంత సులువుగా నాకు రావు. ఒక చేత్తో పక్కకు జరిపి, లోపలికి చూసి, మా అమ్మ పంపిన సున్నుండల డబ్బా ఎంచుకుని మరీ తీసుకెళ్లింది ఒకటి. దోమతెర వైపు కొక్కెం అడిగి వేయించుకోండి.

ప్రతి అంతస్తులో ఒక పాంట్రీ ఉంది: ఇండక్షన్ స్టౌ, సింకు, ఫ్రిజ్. పైకప్పుకు పొగ పసిగట్టే పరికరం. మొదటి అక్టోబరులో ఒక రాత్రి పదకొండు దాటాక అలారం మోగింది. పరీక్షల రోజులు. మూడు వందల మందిమి నైటీల మీద చున్నీలు వేసుకుని మెట్లు దిగాం. కొందరు ల్యాప్‌టాప్‌లు పట్టుకున్నారు, ఒకమ్మాయి రికార్డు పుస్తకం మాత్రమే. సెక్యూరిటీ బాబాయ్ ఇసుక బకెట్‌తో పైకి పరుగెత్తబోతుంటే, పార్వతీపురం పిల్ల ఒకతె మూకుడు చేత్తో పట్టుకుని ఎదురొచ్చింది.

"మంట ఎక్కడమ్మా?"

"మంట లేదు బాబాయ్, పులిహోర."

నాలుగు ఎండుమిరపకాయలు, చిటికెడు ఇంగువ. ఆ పోపుకు ఏడంతస్తులూ ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత ఎవరో ఆ పరికరానికి ప్లాస్టిక్ కవరు చుట్టారు, అది మరీ ప్రమాదమని కేర్‌టేకర్ మేడమ్ ఊడదీయించారు. రెండు నెలలు పాంట్రీలో ఉప్మా కూడా రవ్వ వేయించకుండానే చేశాం, ఆ రుచి గురించి మాట్లాడను. చివరికి ఇంజినీరింగ్ విభాగం వాళ్లు వచ్చి పొగకు కాకుండా వేడికి స్పందించే పరికరాలు బిగించారు. వంటగదుల్లో మొదటి నుంచీ పెట్టాల్సినవి అవేనట.

డబ్బు లెక్క. ఫెలోషిప్ ఉన్నవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000, సీనియర్‌ది (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000. హాస్టల్ గది దొరకనివారికి దాని మీద ఇంటి అద్దె భత్యం వస్తుంది. గది తీసుకుంటే అది పోతుంది. విశ్వవిద్యాలయం గది ఇస్తామన్నాక వద్దంటే కూడా పోతుంది. అంటే ఊరికే ఫారం నింపి, అలాట్‌మెంట్ వచ్చాక బయట ఫ్లాట్ చూసుకుందామనుకుంటే రెంటికీ చెడతారు. నాకు అద్దె భత్యం పోయినా లాభమే అనిపించింది. బయట పేయింగ్ గెస్ట్‌గా ఉన్న నా స్నేహితురాలు రోజూ బస్సుల్లో గంటన్నర పోగొట్టుకుంటోంది. మెస్ బిల్లు డివైడింగ్ పద్ధతిలోనే, అంటే అయిన ఖర్చును అందరికీ పంచే పద్ధతిలోనే ఉంది, పాత హాస్టల్ మెస్సే కాబట్టి రుచి, సాంబారులో ములక్కాడల కొరత యథాతథం.

ఫ్లాట్ల గురించి ఒక్క మాట. మా సీనియర్ అక్క, బావగారు, రెండేళ్ల బాబుతో అక్కడ ఉంటున్నారు. ఒక గది, హాలు, వంటిల్లు. దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి. ఫ్లాట్లకు బాల్కనీలున్నాయి. వానాకాలంలో నా దుప్పట్లు అక్కడే ఆరాయి.

ఇప్పటికీ అడిగితే సింగిలే పెట్టమంటాను, తూర్పు వైపు, అయిదో అంతస్తు. అటాచ్డ్ పెట్టేవాళ్లు ముందు రూమ్మేట్‌తో కూర్చుని బాత్‌రూము సంగతి మాట్లాడుకోండి, మంచాలు ఎటు వేయాలన్నది తర్వాత. వచ్చేటప్పుడు పది మీటర్ల నైలాన్ తాడు తెచ్చుకోండి. డిసెంబరులో నేను ఖాళీ చేసే గదిలో తాడు కట్టే ఉంటుంది, కిటికీ ఊచ దగ్గర ముడి కొంచెం గట్టిది. ఆ గది ఎవరికి వచ్చినా దాన్ని విప్పకండి.