కాట్స్‌వోల్డ్స్‌లో వారం: నడకలు బాగున్నాయి, కాటేజీ ఓనరే బాలేదు

ఇంగ్లండ్ పల్లెలు చూడాలనుంటే కాట్స్‌వోల్డ్స్‌కి తప్పకుండా వెళ్లండి. కాటేజీ మాత్రం చూసి తీసుకోండి. మేం దిగిన ఇంటి ఓనరు 150 పౌండ్ల డిపాజిట్‌లో 60 పట్టుకుని 90 మాత్రమే వెనక్కి పంపాడు. వంటింట్లో మసాలా వాసన పోలేదట, కర్టెన్లు డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాల్సి వచ్చిందట!

మేం వండుకున్నది ఏమంత? రాత్రిపూట అన్నం, టమాటా పప్పు, ఒకరోజు బంగాళాదుంప వేపుడు. పోపు వేసినప్పుడల్లా కిటికీలు బార్లా తెరిచాం, పొయ్యి మీదున్న ఫ్యాన్ కూడా వేశాం. ఆ ఫ్యానేమో పొగని బయటికి పంపే రకం కాదు. కింద జాలీ ఊడదీసి చూస్తే జిడ్డు నల్లగా పేరుకుని గట్టిపడి ఉంది. పీల్చిన పొగని పైనున్న సన్నటి సందుల్లోంచి మళ్లీ మా మొహాన్నే కొడుతోంది. వారానికి 780 పౌండ్లు తీసుకుని, వంటకు అన్ని సదుపాయాలూ ఉన్నాయని రాసుకున్న ఇంట్లో పోపు పెట్టుకోకూడదా? బేకన్ వేయించుకున్నవాళ్ల దగ్గర కూడా ఇలాగే పట్టుకుంటారా?

డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకే మనసు చివుక్కుమంది. నాతో వచ్చిన స్నేహితురాలు చాలా ఏళ్లుగా రెడింగ్‌లో ఉంటోంది, ఇలాంటివి పట్టించుకోకుండా ఉండటం అలవాటు చేసుకుంది. "పోనీలేవే, తలా 30 పౌండ్లు, వదిలేద్దాం" అంది ముందు. సాయంత్రానికి తనే ఫోన్ చేసి, "వద్దు, వదలొద్దు. బిల్లు చూపించమందాం" అంది. అడిగాం. బిల్లు రాలేదు. ఇల్లు ఖాళీ చేసేముందు తను ప్రతి గదీ వీడియో తీసి పెట్టింది. అందులో చూస్తే వంటింటి కిటికీకి కర్టెన్లే లేవు, చుట్టి పైకి లాగే బ్లైండ్ ఉంది. ఆ వీడియో పంపిన మర్నాడే 60 పౌండ్లూ వచ్చేశాయి. సారీ అన్న మాట మాత్రం రాలేదు. మన వంట చేసుకునేవాళ్లు బుక్ చేసే ముందే పోపు, మసాలాలకి అభ్యంతరం లేదు కదా అని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. బయల్దేరేటప్పుడు వీడియో తీయడం మర్చిపోవద్దు.

ఇక ఊళ్ల సంగతి. అన్నిట్లోకీ నాకు చిప్పింగ్ క్యాంప్డెన్ నచ్చింది. వీధి పొడుగునా తేనె రంగు సున్నపురాయి ఇళ్లు, మధ్యలో 1627లో కట్టిన మార్కెట్ హాలు. వెన్న, జున్ను అమ్ముకునేవాళ్ల కోసం కట్టిందట. తలుపుల్లేవు, టికెట్ లేదు. లోపల రాతి నేల అరిగిపోయి ఎగుడుదిగుడుగా ఉంది, చూసుకుని అడుగెయ్యాలి.

అక్కణ్ణుంచి బ్రాడ్‌వే అనే ఊరి దాకా నడవండి. సుమారు 6 మైళ్లు. బాత్ నగరం వరకూ 102 మైళ్లు సాగే కాట్స్‌వోల్డ్ వే అనే కాలిబాట క్యాంప్డెన్‌లోనే మొదలవుతుంది. ఊరు దాటి డోవర్స్ హిల్ ఎక్కగానే కింద మైదానమంతా పరుచుకుని కనిపిస్తుంది. నన్ను కట్టిపడేసింది మాత్రం పొలాల మధ్య దారులే. ఈ చుట్టుపక్కల ఇంకో రోజు నడుస్తుంటే ఒకచోట దారి సరాసరి గోధుమ చేలోకే పోయింది. నడుం దాకా పెరిగిన పైరు, మధ్యలో మనిషి పట్టేంత బాట. పొలం ఎవరిదైనా సరే, ఆ దారిన నడిచే హక్కు అందరికీ ఉంది. చేను మధ్య నుంచి పోయే కాలిబాటని విత్తాక కూడా కనీసం మీటరు వెడల్పున రైతే తెరిచి ఉంచాలని అక్కడి చట్టం. పసుపు బాణం గుర్తులు చూసుకుంటూ పోతే చాలు. ఒక ఫార్మ్ గేటు దగ్గర అరడజను గుడ్లు, పక్కనే డబ్బులు వేయడానికి రేకు డబ్బా. కాపలా ఎవరూ లేరు. 2 పౌండ్లు వేసి తెచ్చుకున్నాం. పచ్చసొన ముదురు నారింజ రంగులో ఉంది. ఆ రాత్రి కోడిగుడ్డు పొరటు కోసం ఇద్దరం పోటీ పడ్డాం.

బ్రాడ్‌వే దారిలో, ఊరికి పైన కొండ మీదున్న బ్రాడ్‌వే టవర్ అనే పాత బురుజు దగ్గర కాసేపు కూర్చున్నాం. బయట నుంచి చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, పైకెక్కాలంటేనే టికెట్. అక్కణ్ణుంచి ఊళ్లోకి దిగుడు బాగా ఏటవాలు. స్నేహితురాలికి మోకాళ్లు పట్టేసి మాటలు తగ్గిపోయాయి. కింద టీ షాపులో వేడి స్కోన్ (చిన్న బన్ను లాంటిది) మీద మీగడ, జామ్ వేసుకుని తిన్నాకే మళ్లీ మనిషైంది. ఇద్దరికీ కలిపి 19 పౌండ్ల 40 పెన్నీలు. ఆ రోజు దండగనిపించని ఖర్చు అదే.

బైబరీకి మధ్యాహ్నం పూట వెళ్లకండి. ఆర్లింగ్టన్ రో ఇళ్లు అందమైనవే, ఒకప్పుడు నేతగాళ్లు ఉన్నవి. ఇప్పటికీ వాటిల్లో జనం కాపురాలున్నారు. వాళ్ల గుమ్మాల ముందే సెల్ఫీలకి క్యూ కట్టడం చూసి మేం పది నిమిషాల్లో వెనక్కి తిరిగాం. బోర్టన్ ఆన్ ది వాటర్‌లోనూ రద్దీయే గానీ, విండ్‌రష్ వాగు మీది పొట్టి రాతి వంతెనల కోసం పొద్దున్నే వెళ్లొచ్చు.

కారు లేకపోయినా ఇబ్బంది లేదు. లండన్ పాడింగ్టన్ నుంచి రెడింగ్, ఆక్స్‌ఫర్డ్ మీదుగా మోరెటన్ ఇన్ మార్ష్‌కి నేరుగా రైలుంది. ఇద్దరు కలిసి వెళ్తే టూ టుగెదర్ రైల్ కార్డుతో టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. అయితే వారపు రోజుల్లో ఉదయం 9:30 తర్వాతే చెల్లుతుంది. 2025 నుంచి చాలా బస్సుల్లో సింగిల్ టికెట్ 3 పౌండ్లకు మించదు. చిన్న పల్లెలకు మాత్రం ఆదివారం బస్సులు ఉండవు, ఉన్నా ఒకటీ అరా. అందుకే బస మోరెటన్‌లో గానీ క్యాంప్డెన్‌లో గానీ తీసుకోండి. మోరెటన్ అయితే మంగళవారం సంత కూడా కలిసొస్తుంది.