ఫోన్ మ్యాపా, సముద్రమూ కొండా? కొత్త దీవిలో దారి తెలుసుకోవడం

దీవికి కొత్తగా వచ్చినవారు ఫోన్‌లోని మ్యాప్ చెప్పినట్టు బండి నడపవచ్చు, లేదా సముద్రాన్నీ కొండనూ గుర్తుగా పెట్టుకొని తిరగవచ్చు.

మొదటి రోజుల్లో ఫోనే మేలు. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందితే మనమున్న చోటును అది లెక్కగడుతుంది. అయితే మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోకపోతే, మొబైల్ సిగ్నల్ లేని లోయలో ఖాళీ తెర మీద నీలి చుక్క మాత్రమే మిగులుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, దగ్గరి దారి వెతికే తొందరలో ఫోన్ ఒక్కోసారి తీరం వెంట సాగే వెడల్పాటి రోడ్డును వదిలి, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోక తప్పని ఇరుకు దారిలోకి మళ్లిస్తుంది. ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ దీవికి వెళ్లే రోడ్డు రోజుకు సాధారణంగా 2 సార్లు సముద్రపు పోటుకు మునుగుతుంది కనుక, అక్కడ ఏ మ్యాప్ కన్నా పోటు వేళల పట్టికే ముఖ్యం.

రెండో పద్ధతి నెమ్మదిగా పట్టుబడుతుంది, కానీ మనసులో నిలుస్తుంది. హవాయిలో దారి చెప్పేటప్పుడు కొండవైపును ‘మౌకా’ అనీ, సముద్రంవైపును ‘మకాయ్’ అనీ అంటారు. గుండ్రటి దీవిలో ఇదే సబబు, ఎందుకంటే తీరం వెంట సాగుతుంటే దిక్కు మారుతూనే ఉన్నా సముద్రం మాత్రం ఒకే చేతివైపు ఉంటుంది. కుడివైపున్న నీరు ఎడమకు వచ్చిందంటే వెనక్కి తిరిగామన్నమాట. చీకట్లోనూ పొగమంచులోనూ ఇది అక్కరకు రాదు. నా మట్టుకు, మొదటి వారం ఫోన్‌ను మాట్లాడనిచ్చి, తర్వాత దాని గొంతు ఆపేసి, దారి తప్పినప్పుడే తెర చూడటం మంచిదనిపిస్తుంది.