మాటల కోసం మూడు చోట్లకి తిరిగాం: 19 నెలల స్పీచ్ థెరపీ తర్వాత నా సమీక్ష

మా బాబుకి ఇప్పుడు 3 ఏళ్ళ 10 నెలలు. వారానికొకసారి స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళడం మొదలుపెట్టి 19 నెలలైంది. రెండో నెలలోనే ఇది రాద్దామని కూర్చున్నాను కానీ, అప్పుడు రాసుంటే అంతా కోపమే ఉండేది. ఇప్పుడు ఏది పనికొచ్చిందో, ఏది డబ్బు దండగో కాస్త నిదానంగా చెప్పగలను.

మేం ఉండేది విశాఖలో షీలానగర్. ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి నేవీ హెలికాప్టర్లు తరచూ మా మేడ మీదుగానే పోతాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఏడాదిన్నరకి వాడికి వచ్చిన మాటలు మూడే: అమ్మ, తాత, బువ్వ. రెండేళ్ళు నిండాక కాగితం మీద రాసి లెక్కపెట్టాను, ఏడు దాటలేదు. ఆ వయసుకి పిల్లలు "అమ్మ రా", "పాలు కావాలి" అని రెండేసి మాటలు కలిపి అంటారు. మా ఆడపడుచు కూతురు వీడి కంటే నెల చిన్నది, ఫోన్లో "అత్తా, ఏం చేస్తున్నావు" అని అడిగేది. ఆ ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చిన రోజులున్నాయి.

మొదట చూపించిన పిల్లల డాక్టరు మందుల చీటీ రాస్తూనే "మగపిల్లలకి లేటుగానే వస్తాయమ్మా, మూడేళ్ళ దాకా చూద్దాం" అన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంట్లో కూడా అదే మాట. "మీ ఆయన మూడేళ్ళకి గానీ నోరు విప్పలేదు, కంగారెట్టుకోకు" అనేది మా అత్తయ్య. కింద పోర్షన్ మామ్మగారైతే కనబడినప్పుడల్లా "వస పోయలేదేటమ్మా?" అని అడిగేవారు. మన దగ్గర గలగలా మాట్లాడే పిల్లల్ని వసపిట్ట అంటాం కదా, వస నాకిస్తే మాటలొస్తాయనే నమ్మకం అంత లోతైనది. అత్తయ్య వస కొమ్ము తెచ్చి తేనెలో అరగదీయడానికి కూడా సిద్ధమైంది. నేను వద్దన్నాను. వస పడక పిల్లలకి వాంతులు కావచ్చని, అమెరికాలో 1968 నుంచే దాన్ని తినే పదార్థాల్లో కలపడం నిషేధించారని తర్వాత తెలిసింది. ఆవిడ మనసు నొచ్చుకుంది. అయినా ఆ ఒక్క విషయంలో నేను గట్టిగా ఉండడం మంచిదైంది.

వాడికి 2 ఏళ్ళ 2 నెలలప్పుడు ఇక ఆగలేక ఒక థెరపీ సెంటర్‌కి వెళ్ళాం. పేరు చెప్పను. అక్కడ బాబుని పది నిమిషాలు చూశారు. పిలిస్తే తిరగడం లేదు, కళ్ళలోకి తక్కువగా చూస్తున్నాడు, ఆటిజం లక్షణాలున్నాయి అన్నారు. వారానికి ఐదు రోజులు రావాలి, మూడు నెలల ప్యాకేజీ, ఒక నెల డబ్బు ముందే కట్టాలి. ఆ రాత్రి మా ఆయనా నేనూ నిద్రపోలేదు. భయంతోనే కట్టేశాం. లోపల తలుపు వేసి థెరపీ చేసేవాళ్ళు, మేం బయట బెంచీ మీద. బాబు ఏడుపు వినబడేది. ఏం చేశారని అడిగితే ఈల ఊదించాం, కొవ్వొత్తి ఆర్పించాం, నాలుకకి మసాజ్ చేశాం అనేవాళ్ళు. మూడు వారాలకి మానేశాం. డబ్బు తిరిగి రాలేదు.

ఊదడాలు, నాలుక మసాజ్‌లు మాటలు తెప్పిస్తాయనడానికి గట్టి ఆధారం లేదని తర్వాతి థెరపిస్టు చెప్పారు. ఊదడం నేర్చుకుంటే ఊదడమే వస్తుందట, మాట్లాడడం మాట్లాడితేనే వస్తుందట.

ఆటిజం అనే మాట గురించి ఒకటి చెప్పాలి. అది ఉన్నా వాడు నా కొడుకే, చేయాల్సింది అంతే శ్రద్ధగా చేసేవాళ్ళం. నా బాధ ఆ మాట అన్నందుకు కాదు. ఏ పరీక్షా లేకుండా, మమ్మల్ని పది ప్రశ్నలైనా అడక్కుండా అన్నందుకు.

మూడో చోటుకి మా ఆయన ఆఫీసులో ఒకాయన పంపించారు. పిల్లల ఎదుగుదల చూసే డాక్టరమ్మ. దాదాపు గంట కూర్చోబెట్టారు. ఆవిడ మొదటి ప్రశ్న: "వినికిడి పరీక్ష చేయించారా?" మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతవరకు చూసిన రెండు చోట్లా ఆ మాటే ఎత్తలేదు. "వాడికి బాగానే వినిపిస్తుంది మేడమ్, హెలికాప్టర్ వస్తే బాల్కనీలోకి పరిగెత్తుతాడు" అన్నాను. ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. హెలికాప్టర్ శబ్దం వినడానికి, వంటింట్లోంచి అమ్మ అన్న మాటలో "స", "త", "క" అక్షరాలు తేడాగా వినడానికి మధ్య ఎంతో దూరం ఉందని చెప్పారు.

ఈఎన్‌టీ దగ్గర రెండు చిన్న పరీక్షలు చేశారు. ఓఏఈ అనేదాంట్లో చెవిలో చిన్న బిరడా లాంటిది పెట్టి శబ్దానికి లోపలి చెవి స్పందిస్తోందా అని చూస్తారు, రెండు చెవులూ పాస్ కాలేదు. టింపనోమెట్రీలో కర్ణభేరి కదలికని గీత రూపంలో చూపిస్తారు. కొండలా లేవాల్సిన గీత తిన్నగా పడుకుంది. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక జిగురు లాంటి నీరు. చలికాలం మొత్తం వాడికి జలుబు, ముక్కు కారడం, రాత్రి నోరు తెరిచి గురక. మేం ఆవిరి పట్టి వదిలేశాం. నీళ్ళలో మునిగి వింటే మాటలు ఎలా వినబడతాయో వాడికి నెలల తరబడి అలా వినబడి ఉంటుందని డాక్టర్ చెప్పినప్పుడు, పలకడం లేదని వాడి మీద అరిచిన రోజులన్నీ గుర్తొచ్చాయి.

అలాంటి నీరు చాలామంది పిల్లల్లో దానంతట అదే తగ్గుతుందట. అందుకని వెంటనే ఆపరేషన్ అనలేదు, మూడు నెలలు చూద్దాం, తగ్గకపోతే గ్రోమెట్లనే చిన్న గొట్టాలు పెడదాం అన్నారు. ఇదీ "చూద్దాం" అనడమే. మొదటి డాక్టరూ "చూద్దాం" అన్నారు. కానీ ఈ ఈఎన్‌టీ డాక్టరు ఏం చూడాలో, ఎప్పుడు మళ్ళీ రావాలో, తగ్గకపోతే ఏం చేస్తారో అన్నీ చెప్పారు. మూడు నెలల తర్వాత గీత కొండలా లేచింది. అనుమానం మిగలకూడదని బెరా పరీక్ష కూడా చేయించాం, శబ్దం చెవి నుంచి నరం గుండా మెదడు వైపు సరిగ్గా వెళ్తోందా అని చూసేది. దానికి పిల్లవాడు నిద్రపోవాలి. ముందు రాత్రి లేటుగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి తీసుకెళ్ళాం, అక్కడ సిరప్ ఇచ్చారు. నరం వైపు ఏ ఇబ్బందీ లేదని వచ్చింది.

ఆటిజం విషయం కూడా ఆ డాక్టరమ్మే తేల్చారు. ఎం-చాట్ అని 16 నుంచి 30 నెలల పిల్లలకి 20 ప్రశ్నల పట్టిక ఉంది. మొదటిసారి మా వాడికి నాలుగు పాయింట్లు వచ్చాయి, అంటే ఆటిజం ఉండే అవకాశం మధ్యస్థం. అక్కడితో ఆగకుండా ఒక్కో జవాబు మీద మళ్ళీ వివరంగా అడిగారు. అందులో ఒకటి, ఆసక్తిగా ఏదైనా కనిపిస్తే వేలు పెట్టి మీకు చూపిస్తాడా అని. అప్పుడు తట్టింది నాకు. హెలికాప్టర్ వచ్చినప్పుడు వాడు వేలు చూపించి ఊరుకోడు, నేను చూశానా లేదా అని వెనక్కి తిరిగి నా మొహం చూస్తాడు. ఆవిడ పెన్ను ఆపి, అది ఇంకోసారి చెప్పమన్నారు. మొత్తం అడిగాక స్కోరు ఒకటికి తగ్గింది. అయినా మరో ఆరు నెలలకి మళ్ళీ చూశారు.

ఇక థెరపీ. డాక్టరమ్మ ముందే చెప్పారు, చెవిలో నీరు తగ్గేదాకా ఆగొద్దు, ఇప్పుడే మొదలుపెట్టండి అని. సీతమ్మధారలో ఒకావిడ, 45 నిమిషాలు, సెషన్‌కి 600 రూపాయలు. మొదటి రోజే ఆవిడ తన ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు చూపించారు. స్పీచ్ థెరపిస్టులకి అది తప్పనిసరి, 1992 నాటి చట్టం ప్రకారం. మేం డబ్బు పోగొట్టుకున్న చోట అడగాలని కూడా మాకు తెలియదు.

ఆవిడ సెషన్‌లో సగం సమయం బాబుతో కాదు, నాతోనే. మొదటి నెలంతా నన్ను మార్చారు అంటే సరిగ్గా ఉంటుంది. నేను రోజంతా "ఇదేంటి? ఇది ఏ కలర్? చెప్పు, చెప్పు" అని పరీక్ష పెట్టేదాన్ని. వాడికి ఫోన్ చూసి ఏబీసీడీలు, రంగుల పేర్లు ఇంగ్లీషులో వచ్చేవి, దాహం వేస్తే మాత్రం నా చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాక్కెళ్ళేవాడు. అప్పగించడం వేరు, అడగడం వేరు అని ఆవిడ చెప్పేదాకా ఆ తేడా నాకు కనబడలేదు. ఫోన్ పూర్తిగా తీసేశాం. మొదటి వారం నరకం, రెండో వారం నుంచి మామూలే.

ఆవిడ నేర్పినవన్నీ చూడ్డానికి చిన్నవి. వాడి ఎత్తుకి కింద కూర్చోవాలి. ఒక మాట అని, మనసులో పది అంకెలు లెక్కపెడుతూ ఎదురుచూడాలి. ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది, ఆ నిశ్శబ్దం భరించలేక నేనే జవాబు చెప్పేసేదాన్ని. వాడు "బండి" అంటే "పెద్ద బండి" అనాలి, "బండి పోయింది" అనాలి, ఒక్క మాటే కలపాలి. "పాలా? నీళ్ళా?" అని రెండూ చూపించి అడగాలి. వాడికిష్టమైన బిస్కెట్ల డబ్బా అందకుండా ఎత్తులో పెట్టాలి. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడమని ఎంతమంది చెప్పారో! ఆవిడ మాత్రం మీకు ఏ భాషలో ఏడుపూ నవ్వూ వస్తాయో ఆ భాషలోనే మాట్లాడండి, రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు అన్నారు. మా అత్తయ్య వాడితో యాసలో మాట్లాడడం మానేయాలా అని అడిగితే అసలు మానొద్దన్నారు. ఆ రోజు నుంచి అత్తయ్యే నా కంటే మంచి థెరపిస్టు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని కాకినీ పిల్లినీ చూపిస్తూ గంటసేపు మాట్లాడేది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఐదో నెల నుంచి ఎనిమిదో నెల దాకా ఏ మార్పూ లేదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటోలో కూర్చుని, ఇదంతా ఎందుకు అనుకున్న రోజులు చాలా ఉన్నాయి. వానాకాలంలో నాలుగు సెషన్లు పోయాయి. ప్రతి నెలా వాడికి వచ్చిన మాటల లెక్క రాసి ఇవ్వమని అడిగితే ఆవిడ మొదట్లో ఇవ్వలేదు, నేను పట్టుబట్టాక ఇచ్చారు. ఆ ఒక్కటీ మొదటి నుంచి ఉండాల్సింది. మధ్యలో మరో చోట అడుగుదామా అని ఆవిడనే అడిగేశాను. కోపం తెచ్చుకోకుండా మొత్తం రిపోర్టులు ఫైలు చేసి ఇచ్చి పంపారు. అక్కడా ఇదే పద్ధతి కొనసాగించమన్నారు. ఆ తర్వాత నాకు అనుమానం పోయింది.

తొమ్మిదో నెలలో ఒక ఆదివారం ఆర్కే బీచ్‌లో కాళ్ళు తడుపుకుంటుంటే అల వెనక్కి పోయింది. వాడు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని "అల, మళ్ళీ రా" అన్నాడు. మూడు మాటలు. మా ఆయన వినలేదు, ఇంకోసారి చెప్పించడానికి ప్రయత్నించాం, చెప్పలేదు.

ఖర్చు భరించలేనివాళ్ళకి ఒక సంగతి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద అంగన్‌వాడీ పిల్లల్ని స్క్రీనింగ్ చేసి, అవసరమైనవాళ్ళని పిల్లల ఎదుగుదలలో ఇబ్బందుల్ని తొందరగా పట్టుకుని సాయం చేసే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రానికి ఉచితంగా పంపుతారు. మా వీధి అంగన్‌వాడీ టీచర్ చెబితే నాకు తెలిసింది, అప్పటికి ఏడాది దాటిపోయింది. ముందే అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు వాడు రోజంతా మాట్లాడతాడు. "ర" ఇంకా రాదు, రైలుని లైలు అంటాడు, దానికి తొందరేం లేదన్నారు. పోయిన నెల నుంచి సెషన్ రెండు వారాలకొకసారి చేశారు. మళ్ళీ జలుబు పట్టింది కాబట్టి వచ్చే మంగళవారం చెవి పరీక్షకి టైమ్ తీసుకున్నాం.