హోమ్ లోన్ ఫైళ్ల నోట్స్‌కి గూగుల్ షీట్స్: ఏడాది వాడాక

గుంటూరులో మాది హోమ్ లోన్ ఫైళ్లు చూసే చిన్న ఆఫీసు, నలుగురం. ఇదివరకు ఫైలు మీద అంటించిన చీటీలు, వాట్సాప్ గ్రూపే ఆధారం. ఒకసారి ఒక మాస్టారిని ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకి ఇచ్చే సర్టిఫికెట్) కోసం ఒకే రోజు ముగ్గురం అడిగాం. "మీలో మీరు మాట్లాడుకోరా అమ్మా?" అన్నారాయన. చాలా సిగ్గేసింది. ఆ వారమే అందరం ఆన్‌లైన్‌లో ఒకే పట్టికలో రాసుకునే గూగుల్ షీట్స్‌కి మారాం.

కస్టమర్‌కి ఒక వరుస. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), లీగల్ ఒపీనియన్ (పత్రాల మీద లాయరు అభిప్రాయం), వాల్యుయేషన్ (ఇంటి విలువ లెక్క), దేని గడి దానిదే. గడి మీద కామెంట్ రాసి, ఎట్ గుర్తుతో మెయిల్ ఐడీ కొడితే ఆ పని వాళ్లకి అప్పగించవచ్చు. "లోన్ 30 లక్షలు దాటుతోంది, ఇంటి విలువలో 80 శాతం వరకే" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఫోన్ ఎవరు ఎత్తినా కస్టమర్‌కి ఒకటే జవాబు. నాకు అన్నిటికన్నా నచ్చింది వర్షన్ హిస్టరీ. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కనిపిస్తుంది కాబట్టి "నేను కాదు" అనే గొడవే లేదు.

డబ్బు కట్టక్కర్లేదు. పెద్ద ఆఫీసుకైతే కస్టమర్ల వివరాలు, పనులు చూసుకునే సీఆర్‌ఎం సాఫ్ట్‌వేరే మేలు.

ఆధార్, పాన్ నంబర్లు మాత్రం అందులో రాయం. షీటు కూడా మా నాలుగు మెయిళ్లకే తెరుచుకుంటుంది. ఎవరైనా మానేస్తే ఆ రోజే వాళ్ల మెయిల్ తీసేయండి.