న్యూజీలాండ్ దక్షిణ దీవుల నౌకాయాత్ర: ఒక సమీక్ష

మనుషులు నివసించని స్నేర్స్, ఆక్లాండ్, క్యాంప్‌బెల్ దీవులకు న్యూజీలాండ్ దక్షిణ కొసనున్న బ్లఫ్ రేవు నుంచి తీసుకెళ్లే ఈ చిన్న నౌకాయాత్రలో నాకు అన్నిటికంటే నచ్చింది దాని క్రమశిక్షణ. 1998 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న ఈ సంరక్షిత దీవుల్లో అడుగుపెట్టాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి కనుక, సిబ్బంది మా బూట్ల గాళ్లలోని మట్టిని బ్రష్‌తో తోమించి, జేబుల మూలలనూ వెల్క్రో పట్టీలనూ వాక్యూమ్‌తో శుభ్రం చేయించి, ఒక్క గడ్డిగింజ కూడా మిగలలేదని స్వయంగా చూసుకున్నాకే ఒడ్డుకు దింపారు. ఇది అతిజాగ్రత్త కానే కాదు. బయటినుంచి ఓడలతో వచ్చిన ఎలుకలను 2001లో నిర్మూలించిన తరువాతనే క్యాంప్‌బెల్‌లో ఎగరలేని అక్కడి బాతు జాతిని తిరిగి వదలగలిగారు.

స్నేర్స్‌లో దిగనివ్వరు, అక్కడి పెంగ్విన్లను రబ్బరు పడవలోంచే చూడాలి. క్యాంప్‌బెల్‌లో మాత్రం చెక్కబాటకు కొద్ది దూరంలోనే గూడుమీద కూర్చున్న రాయల్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి, ఈదురుగాలికి ఈకలు రేగుతున్నా, మా వైపు చూడనైనా చూడక ముక్కుతో గడ్డిపోచలు సర్దుకుంటూ ఉంది. ఆ దృశ్యం కోసం ఎంత దూరమైనా వెళ్లవచ్చు.

ఖర్చు చాలా ఎక్కువ. వాతావరణం అనుకూలించకపోతే దిగడం రద్దవుతుందన్న సంగతిని టికెట్లు అమ్మేటప్పుడే స్పష్టంగా చెప్పవలసింది. సముద్రం పడనివారు వైద్యుని సలహాతో మందులు తీసుకుని బయలుదేరడం మంచిది.