గోయెచా లా ట్రెక్ ప్యాకేజీ: వంటకి పూర్తి మార్కులు, ప్లాన్‌కి మాత్రం కాదు

కంపెనీ పేరు రాయను, ముందే చెప్పేస్తున్నా. వాళ్లతో గొడవ పెట్టుకునే ఓపిక లేదు, పైగా ఇలాంటి ప్లాన్ అమ్మేది వాళ్లొక్కరే కాదు. సిక్కింలో కాంచన్‌జంగా నేషనల్ పార్కు లోపలికి వెళ్లే గోయెచా లా (లా అంటే కనుమ) ట్రెక్ అక్టోబరు చివర్లో చేసొచ్చాం. నేను, మా బావ, ఆయన ఆఫీసు వాళ్లిద్దరు. యుక్సోమ్ నుంచి మళ్లీ యుక్సోమ్ దాకా 8 రోజులు, మనిషికి 16,500. ఇంకోచోట అడిగితే 10 రోజులు, 21,000 అన్నారు. రెండు రోజుల సెలవూ మిగులుతుంది, నాలుగున్నర వేలూ మిగులుతాయి అని చవకది బుక్ చేశాం. అక్కడే తప్పులో కాలేశాం.

ఆ రెండు రోజులు వాళ్లు ఎక్కడ కోశారో వినండి. యుక్సోమ్ దాదాపు 5,800 అడుగులు. మామూలుగా సాచెన్‌లో ఒక రాత్రి ఆగి మర్నాడు త్సోకా చేరతారు, మమ్మల్ని ఒక్క రోజులోనే త్సోకాకి ఎక్కించారు, అది 9,700 దాకా ఉంటుంది. మర్నాడే జోంగ్రి, అంటే 13,000. పది వేల అడుగులు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 1,600 అడుగుల కంటే పెంచొద్దని డాక్టర్లు చెప్తారు, మేం దానికి రెట్టింపు ఎక్కాం. నిజానికి ఈ ఎక్కుడు చాలా ప్లాన్లలో తప్పదు, మధ్యలో ఫెదాంగ్ ఉన్నా మామూలుగా అక్కడ ఆగరు. అందుకే ఒళ్లు ఆ ఎత్తుకి అలవాటు పడేలా జోంగ్రిలో ఒక పూర్తి రోజు ఊరికే కూర్చోబెడతారు, మా ప్లాన్‌లో ఆ రోజే లేదు.

బావ ట్రెక్‌కి ముందు రెండు నెలలు మౌలాలి గుట్ట మెట్లు ఎక్కాడు, మా అందరికంటే గట్టివాడు. జోంగ్రిలో ఆ రాత్రి తల పగిలిపోతోందన్నాడు, తెల్లారేసరికి వాంతులు. కాళ్ల బలానికీ, ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుకీ సంబంధం లేదని ఆ రోజు అర్థమైంది. కంపెనీ ఇచ్చిన మెడికల్ కిట్‌లో ఆక్సీమీటర్ ఉంది, అందులో బ్యాటరీలు లేవు. నా వాచీలో చూసుకుందామంటే అది చార్జింగ్ అయిపోయి పడుంది, సరే అది మా తప్పు. షెడ్యూల్ ప్రకారం ఆ పొద్దున తర్వాతి క్యాంపు థాన్‌సింగ్‌కి బయల్దేరాలి. మా గైడు యుక్సోమ్ కుర్రాడు, పాతికేళ్లు కూడా ఉండవు, "ఇవాళ ఎవరూ ముందుకు కదలడం లేదు" అని ఒక్క మాట అన్నాడు. మధ్యాహ్నం దాకా చూసి తగ్గకపోయేసరికి అసిస్టెంట్‌ని తోడిచ్చి బావని త్సోకా దింపేశాడు. సాయంత్రానికల్లా అక్కడ నూడుల్స్ అడిగి తిన్నాడట! కంపెనీకి ఎన్ని మార్కులు తగ్గించినా ఈ కుర్రాడికి మాత్రం తగ్గించలేను.

మాకు ముగ్గురికీ అలా అనుకోకుండా విశ్రాంతి రోజు దొరికింది, ఆ తర్వాత ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు.

స్లీపింగ్ బ్యాగుల సంగతి. "మైనస్ 10" అని వెబ్‌సైటులో రాశారు. లోపల లేబుల్ చూస్తే కంఫర్ట్ దగ్గర ప్లస్ 7 ఉంది, మైనస్ 10 ఉన్నది ఎక్స్‌ట్రీమ్ దగ్గర. ఎక్స్‌ట్రీమ్ అంటే హాయిగా పడుకోవడం కాదు, ప్రాణంతో తెల్లారడం. చివరి క్యాంపు లామునేలో టెంటు లోపలే సీసాలో నీళ్లు గడ్డకట్టాయి. ఉన్న బట్టలన్నీ వేసుకుని, వేడినీళ్లు పోసిన స్టీలు సీసా సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకున్నాం. బుక్ చేసేముందు కంఫర్ట్ రేటింగ్ ఎంతో రాతపూర్వకంగా అడగండి, లేదా లోపల వేసుకునే లైనర్ మీరే పట్టుకెళ్లండి.

వంట గురించి ఎంత చెప్పినా తక్కువే. పార్కులో కట్టెలు కొట్టి కాల్చడం నిషేధం, కాబట్టి అంతా గ్యాస్ మీదే. ఆ ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉంటుంది. ఆ కుక్కర్‌లోనే మా వంటాయన చివరి రాత్రి కేకు చేశాడు! మేం తీసుకెళ్లిన ఆవకాయ మూడో రోజుకే వంట టెంటులోకి వెళ్లిపోయింది, మళ్లీ మా చేతికి రాలేదు.

వ్యూపాయింట్ 1 కోసం అర్ధరాత్రి దాటాక రెండింటికి లేపారు. సమితి సరస్సు పక్కనుంచి నడక. అది పవిత్రమైనదని అక్కడ టెంట్లు వెయ్యనివ్వరు, అందుకే లామునేలో ఆపుతారు. కాంచన్‌జంగా కొండని అక్కడివాళ్లు దేవుడిగానే చూస్తారు, 2016లో యునెస్కో ఈ పార్కుని ప్రకృతికీ సంస్కృతికీ కలిపి వారసత్వ స్థలంగా గుర్తించడానికి అదీ ఒక కారణం. 15,000 అడుగుల దగ్గర రాళ్ల మీద వణుకుతూ కూర్చుంటే, ఎదురుగా 8,586 మీటర్ల కాంచన్‌జంగా కొసన ముందు పసుపు గీత పడింది, తర్వాత అది మెల్లగా కిందికి జారింది. పది నిమిషాలు ఎవరూ ఫోన్ తియ్యలేదు. వేళ్లు పనిచెయ్యక కూడా కావచ్చు.

రెడ్ పాండా కనిపిస్తుందని ఆశపడకండి, మాకు కనిపించింది బరువులు మోసే జోలు (యాక్‌కీ ఆవుకీ పుట్టే పశువులు) మాత్రమే. గంటలు వినపడగానే కొండ వైపుకి జరగండి, లోయ వైపు నిలబడితే అవి తోసుకుంటూ పోతాయి. గుర్తింపు కార్డు కాపీలు, ఫోటోలు ఎక్కువ ఉంచుకోండి. మా ప్లాస్టిక్ ప్యాకెట్లు యుక్సోమ్‌లో రాసుకున్నారు, తిరిగొచ్చాక లెక్క చూపించాం. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రలు మీ డాక్టరుని అడిగే వాడండి, సల్ఫా మందులు పడనివాళ్లు ముఖ్యంగా.

కిందికి వచ్చాక కంపెనీ నుంచి మెసేజ్: జోంగ్రిలో ఆగినందుకు అదనపు రోజు చార్జీ, నలుగురికీ కలిపి 7,000. బావ వెళ్లనే లేదు కదా అంటే, అసిస్టెంట్‌ని వాడుకున్నారు అన్నారు. విమానం టికెట్లు మార్చుకున్న ఖర్చు వేరే. మొత్తం కూడితే మిగిలిందనుకున్న డబ్బులు ఇంచుమించు అక్కడే పోయాయి. నాలుగు రోజులు యుక్సోమ్ హోమ్‌స్టేలో మోమోలు తింటూ కూర్చున్న బావ మాత్రం ఏప్రిల్‌కి మళ్లీ వెళ్దామంటున్నాడు, పది రోజుల ప్లాన్‌లో, అదే గైడుతో.